గోవిందమ్మ అనే ఉత్పత్తి కేంద్రం

ఖాళీ గడి ఉన్న దరఖాస్తు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సర్కారు కొలువులో గుమాస్తాగా చేరి హెడ్డు గుమాస్తాగా దిగిపోయేదాకా నా చేతి మీదుగా వెళ్ళిన ఏ కాగితంలోనూ ఒక్క గడి ఖాళీగా పోలేదు. తాత పేరు తెలియనివాడికి కూడా 'విచారణలో ఉన్నది' అని రాసి పంపించినవాణ్ణి. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా వీధిలో జరిగిన గొడవంతటికీ నేనే కారణమని కొందరు గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. నేను చేసిందల్లా గడి నింపడం. అదీ నిజంతో నింపడం.

మా ఎదురింటి భావనాచారి గిల్టు నగలు చేస్తాడు. నాట్యం నేర్చుకునే పిల్లలకు వడ్డాణాలు, వంకీలు, జడబిళ్ళలు. ఇంటి ముందు గదే దుకాణం. ఆ గదిలో ఒక రేకుల మిషను ఉంది. ఇనప చట్రంలో ఒకదాని మీద ఒకటి రెండు ఉక్కు రోలర్లు, పక్కన మూరెడు పొడుగు చేతిపిడి. పిడి తిప్పుతుంటే రోలర్లు తిరుగుతాయి. ఇటునుంచి ఇత్తడి బద్దీ పెడితే అటునుంచి కాస్త పలచబడి వస్తుంది. దాన్ని కుంపట్లో కాల్చి, చల్లార్చి, మిషను మర ఇంకాస్త బిగించి మళ్ళీ పెట్టాలి. అది కాగితంలాగా అయ్యేదాకా అదే పని. బద్దీ పెట్టేది భావనాచారి. పిడి తిప్పేది అతని భార్య గోవిందమ్మ. కాపరానికొచ్చిన కొత్తలో పట్టుకున్న పిడి, మనవలు పుట్టినా వదల్లేదు.

కిందటి వానాకాలం నుంచి ఆవిడ కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవిదాకా కూడా లేవదు. ఊళ్ళో ఆడపిల్లలందరికీ జడబిళ్ళలు చేసిచ్చే ఇంట్లో ఆవిడ తన జడ తాను వేసుకోలేకపోతోంది. భావనాచారే ముడి వేస్తున్నాడు, అదీ వంకరగా. డాక్టరు చూసి, ఈ తిప్పుడు మానకపోతే ఆ చెయ్యి ఇక లేవదమ్మా అని తేల్చి చెప్పాడు.

భావనాచారి తెలివైనవాడు. పాడైన గ్రైండరు ఒకటి కొని అందులోంచి అరగుర్రం, అంటే అర హెచ్‌పీ మోటారు ఊడదీశాడు. కుట్టుమిషను చక్రం, సైకిలు చైను తెచ్చి జోడించాడు. చేతిపిడి తీసేసి ఆ చోట పళ్ళచక్రం బిగించాడు. స్విచ్చి వేస్తే రోలర్లు వాటంతటవే తిరిగాయి. బద్దీ అటువైపు నుంచి నాలుక చాపినట్టు బయటికొచ్చింది. గోవిందమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుని నిలబడి చూసింది.

"ఎంత హాయిగా తిరుగుతుందో చూశారా అన్నయ్యగారూ!" అంది నాతో. చిన్నపిల్లలా నవ్వింది.

"తిరగడం సరే, అనుమతి ఏదీ?" అన్నాను.

ఇంటి మీటరు మీద మోటారు నడపడం తప్పు. తెలిసి తెలిసి మా వీధిలో తప్పు జరగనిస్తానా? భావనాచారికి చదువు తక్కువ, దరఖాస్తు నేనే రాశాను. అదనపు లోడు కోరువారు పూరించవలసిన పత్రం అది. పేరు, చిరునామా అయ్యాక ఒక గడి వచ్చింది. 'సదరు యంత్రము ప్రస్తుతము ఏ శక్తితో నడుచుచున్నది?' దాని పక్కన ఇంకోటి. 'సదరు శక్తి యొక్క మూలము.'

మామూలువాడైతే అడ్డగీత గీసి ఊరుకునేవాడు. నేను మొదటి గడిలో 'సొంత శక్తి' అని, రెండో గడిలో 'శ్రీమతి గోవిందమ్మ, దరఖాస్తుదారు భార్య' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఆ కింద సామర్థ్యమన్న గడిలో 'తృప్తికరం' అని రాశాను. అందులో అబద్ధం ఉంటే చూపించండి.

కరెంటాఫీసు నుంచి ఏఈ అమరలింగం గారు వచ్చారు. వెనక లైన్‌మన్ ఏసుపాదం. ఏఈ గారు కొత్తగా ఉద్యోగంలో చేరినాయన. మనిషి సన్నం, మాట లావు.

"తమరు సమర్పించిన దరఖాస్తును కూలంకషంగా పరిశీలించడమైనది. ఇందులో తీవ్రమైన అంశం ఒకటి బయటపడింది. తమ ఆవరణలో మా శాఖకు సమాచారం లేకుండా ఒక ఉత్పత్తి కేంద్రం నడుస్తున్నది," అన్నారు.

భావనాచారి బిత్తరపోయాడు. "కేంద్రమా? మా ఇంట్లో మేమిద్దరమేనండీ ఉండేది."

"ఆవిడ శక్తిని ఉత్పత్తి చేస్తున్నారా లేదా?"

"మిషను తిప్పుద్దండి."

"అదే ఉత్పత్తి. నిబంధనలో శక్తి అని ఉంది గానీ ఏ రకం శక్తి అని లేదు. సొంత ఉత్పత్తి ఉన్న ఆవరణకు అదనపు లోడు ఇవ్వాలంటే, ముందు సదరు కేంద్రాన్ని పరీక్షించి, నమోదు చేసి, మా లైనుతో సంపర్కం లేదని ధ్రువీకరించాలి. రేపు ఒకవైపు మోటారు, ఒకవైపు ఈవిడ, ఇద్దరూ ఒకే యంత్రానికి శక్తినిస్తే ఏమవుతుంది? ఈవిడ శక్తి ఎదురు తిరిగి మా లైను మీదికి వస్తుంది. ఆ సమయంలో ఏసుపాదం స్తంభం మీద ఉంటే?"

ఏసుపాదం గోవిందమ్మ వంక చూశాడు. "ఆయమ్మ నన్నెందుకు చంపుద్దండి? పోయినసారొస్తే మజ్జిగిచ్చింది."

"భద్రతలో వ్యక్తిగత సంబంధాలు ఉండవు," అన్నారు ఏఈ గారు. తర్వాత మోటారుకు తీగ చుట్టి సీసపు ముద్ర వేయించారు. నిర్ణయం వెలువడేవరకు యథాతథ స్థితి కొనసాగాలని ఆదేశించారు.

"అంటే?" అని అడిగింది గోవిందమ్మ.

అంటే ఏమిటో నేను చెప్పాను. మళ్ళీ పిడి బిగించి ఆవిడే తిప్పాలి. నాట్యోత్సవానికి నగలు ఒప్పుకుని ఉన్నారు, పని ఆపడానికి వీల్లేదు. ఆవిడ కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి పిడి మీద పెట్టుకుంది.

పరీక్ష రోజున ఏఈ గారు తూకం మిషను, గడియారం, ఉష్ణమాపకం తెచ్చారు. వీధి వీధంతా గుమ్మంలో ఉంది. శాఖకు తోడ్పడాలని నేను కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాను.

"కేంద్రం స్థాపించిన సంవత్సరం?"

"ఎవుర్ని, నన్నా?" అంది గోవిందమ్మ. "మా అమ్మనడగాలి."

"ఇంధనం?"

"పొద్దున చద్దన్నం తింటానండి. మధ్యలో టీ తాగుతా."

ఏఈ గారు కలం ఆపారు. "ఘన ఇంధనం, ద్రవ ఇంధనం రెండూనా? అయితే ద్వంద్వ ఇంధన కేంద్రం. దానికి అనుబంధ పత్రం వేరే ఉంది." అనుబంధ పత్రం నా దగ్గర ముందే ఉంది. తీసిచ్చాను. ఆయన నన్ను మెచ్చుకోలుగా చూశారు.

"కేంద్రం నడిచేటప్పుడు శబ్దం వస్తుందా?"

"ఇంకా రాలేదు బాబూ. మీరింకొంచెం సేపు కూచుంటే వచ్చుద్ది."

తర్వాత ఆవిణ్ణి బద్దీ లేకుండా తిప్పించారు. బద్దీ పెట్టి తిప్పించారు. మర బిగించి తిప్పించారు. ఆవిడ పళ్ళు బిగబట్టి తిప్పింది. చమట జాకెట్టు వీపంతా తడిపేసింది. ఏఈ గారు వంగి ఆవిడ పాదాలు చూసి, "చెప్పులు లేకుండా నేల మీద నిలబడ్డారు. ఎర్తింగు సంతృప్తికరం," అని రాసుకున్నారు.

"ఆవరణలో ఇతర కేంద్రాలు ఉన్నాయా?" అని భావనాచారినడిగారు.

"లేవండి. నేనున్నాను గానీ, నేను బద్దీ పెడతానండి."

"అది నైపుణ్యం. శక్తి కిందికి రాదు," అని ఏఈ గారు గడి కొట్టేశారు. నాకూ సబబుగానే తోచింది.

ఆఖరున ప్రమాద సూచిక బోర్డు తగిలించే ఘట్టం వచ్చింది. పుర్రె, అడ్డంగా రెండెముకలు ఉన్న ఎర్రబోర్డు. ఉత్పత్తి కేంద్రానికి స్పష్టంగా కనబడేట్టు తగిలించాలని నిబంధన. కేంద్రం చూస్తే ఒకచోట ఉండదు. వంటింట్లోకి వెళుతుంది, కుళాయి దగ్గరికి వెళుతుంది, శనివారం గుడికి వెళుతుంది. ఏఈ గారు బోర్డుకు తాడు కట్టి ఏసుపాదానికిచ్చి ఆవిడ మెడ వైపు చూపించారు.

"నా ఉద్యోగం తీసేయండి సార్, నేనా పని చెయ్యను," అన్నాడు ఏసుపాదం.

మధ్యేమార్గంగా వీధి తలుపుకు తగిలించారు. ఆ మర్నాటినుంచి పాలవాడు లోపలికి రావడం మానేసి చెంబు అరుగు మీద పెట్టించుకుంటున్నాడు.

పరీక్ష ఫలితం తాఖీదుగా వచ్చింది. గోవిందమ్మగారి సామర్థ్యం గుర్రంలో పదోవంతు. అయినప్పటికీ సదరు కేంద్రము దీర్ఘకాలముగా ఏ అంతరాయమూ లేకుండా, ఏ ఫిర్యాదూ లేకుండా పనిచేయుచున్నందున అదనపు శక్తి ఆవశ్యకత రుజువు కాలేదు. ఆ చివరి వాక్యం నేను చదివి వినిపిస్తుంటే గోవిందమ్మ మధ్యలో ఆపింది.

"ఫిర్యాదు చెయ్యకపోతే నొప్పి లేనట్టా అన్నయ్యగారూ?"

"రికార్డు ప్రకారం లేనట్టే," అన్నాను. ఉన్నమాటే చెప్పాను.

పైకి అప్పీలు రాశాం. అప్పీలు విచారణకు స్వయంగా డీఈ గారే జీపులో దిగారు. ఆ మధ్య వాళ్ళ శాఖలో పచ్చదనం ఊపందుకుంది. పొగలేని శక్తి ఎక్కడ కనబడినా దండ వేసి ఫొటో తీసుకోవాలని పైనుంచి ఉత్తర్వు. డీఈ గారికి కేటాయించిన డివిజన్లో గాలి లేదు, ఏరు లేదు. ఎండ ఉంది గానీ సౌర పలకలు ఇంకా రాలేదు. పాపం, ఆయన దండ పట్టుకుని తిరుగుతున్నారు.

ఆయన గోవిందమ్మను చూసి, ఏఈ గారి నివేదిక చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమరలింగం! బొగ్గు లేదు, పొగ లేదు, బూడిద లేదు. రాత్రిపూట దానంతటదే విశ్రాంతి తీసుకుని పొద్దున్నే మళ్ళీ సిద్ధమవుతోంది. ఇది పునరుత్పాదక శక్తి కాక మరేమిటయ్యా? దీన్ని ఆపేసి ఆ స్థానంలో బొగ్గు కరెంటు పెట్టమంటారా? చరిత్ర మనల్ని క్షమిస్తుందా?"

"క్షమించదు సార్," అన్నారు ఏఈ గారు.

"అయ్యా, ఆమె చెయ్యి లెగట్లేదండి. డాక్టరు చీటీ కూడా ఉంది," అన్నాడు భావనాచారి.

"తాత్కాలిక సాంకేతిక సమస్య. ప్రతి కేంద్రానికీ ఉంటుంది," అన్నారు డీఈ గారు. అక్కడికక్కడే గోవిందమ్మను ఆదర్శ హరిత కేంద్రంగా ప్రకటించారు. శాలువా కప్పారు. అది జారిపోతుంటే ఆవిడ సర్దుకోలేకపోయింది. నమస్కారం పెట్టమని ఫొటోగ్రాఫరు కేకేశాడు. ఎడమచెయ్యి ఎదురుచూస్తూ నిలబడింది గానీ కుడిచెయ్యి దానిదాకా రాలేదు. ఫొటోలో ఆవిడ ఎవరినో ఆగమంటున్నట్టు పడింది. పేపర్లో అదే వేశారు.

ఆ తర్వాత బృందాలు రావడం మొదలైంది. పక్క డివిజన్ వాళ్ళు, ఇంజనీరింగు కాలేజీవాళ్ళు, ఎవరో శిక్షణలో ఉన్న అధికారులు. వచ్చినప్పుడల్లా ఆవిడ తిప్పి చూపించాలి. ఒకాయన అయితే ఈవిడకు ఒక డైనమో తగిలిస్తే వీధిదీపం కూడా వెలుగుతుందని సలహా పుస్తకంలో రాశాడు. ఇలాంటి కేంద్రాలు ఇంటింటికీ ఉన్నాయని, ఇంతకాలం శాఖ దృష్టికి రాకపోవడం విచారకరమని ఇంకొకాయన రాశాడు. వీధిలో ఆడవాళ్ళు అది విని, పిండి రుబ్బేటప్పుడు తలుపు గడియ వేసుకోవడం మొదలుపెట్టారు.

ఒక ఉదయం కాలేజీవాళ్ళ ముందు తిప్పుతుండగా గోవిందమ్మ చెయ్యి పిడి మీంచి జారింది. పట్టు తప్పి కిందికి వేలాడింది, తడిబట్టలాగా. ఆవిడ దాన్ని ఎత్తాలని చూసింది. లేవలేదు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళంతా వెళ్ళిపోయాక ఆవిడ గోడకు చేరగిలబడి ఏడ్చింది. నేను ఆవిణ్ణి అలా ఎప్పుడూ చూడలేదు. నాకు చాలా బాధ కలిగింది. 'కేంద్రములో అంతరాయము' అని ఏ పత్రంలో తెలియజేయాలో మనసులో వెతుక్కున్నాను.

భావనాచారి ఆవిడ ఎదురుగా పీట మీద బద్దీ చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు.

గోవిందమ్మ ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంది. "లే," అంది.

"ఎందుకే?"

"లెగవయ్యా. బద్దీ నేను పెడతా. నువ్వు తిప్పు."

"నువ్వా? బద్దీ పెట్టటం నీకెట్టా తెలుసే?"

"ఇన్నేళ్ళూ ఎదురుగా నిలబడి నేను చూస్తంది గోడననుకున్నావా?"

అతను లేచాడు. ఆవిడ పీట మీద కూర్చుని ఎడమచేత్తో బద్దీ కొస రోలర్ల మధ్య పెట్టింది. బద్దీ తిన్నగా నిలబడింది. అతను పిడి పట్టుకుని తిప్పాడు. మొదట నవ్వుతూ తిప్పాడు. కాసేపటికి నవ్వు పోయింది. ఇంకాసేపటికి నోటితో గాలి పీల్చడం మొదలుపెట్టాడు. ఒక్క బద్దీ దాటేసరికి పిడి వదిలి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు.

"గోవిందా," అన్నాడు. దేవుణ్ణి కాదు, ఆవిణ్ణే. "ఇంత బరువుంటదా ఇది?"

ఆవిడ రెండో బద్దీ తీసింది.

మధ్యాహ్నానికి ఏఈ గారు ఇంకో బృందం సంగతి చెప్పడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఇదేమిటి! అనుమతి లేకుండా కేంద్రాన్ని మార్చారా? ఇది తీవ్రమైన ఉల్లంఘన," అన్నారు. అంటూ అంటూనే భావనాచారి వంక చూశారు. అతని చొక్కా పిండితే నీళ్ళు కారేట్టుంది. మొహం కందిపోయింది.

"అయ్యో! ఆయన్ని కూర్చోబెట్టండి. ఏసుపాదం, మంచినీళ్ళు! ఫ్యాను వెయ్యి!" అని ఏఈ గారు హడావుడి పడ్డారు. "ఎవరు తిప్పమన్నారండీ మిమ్మల్ని? ఈ వయసులో? గుండెకేమైనా అయితే?"

ఆ ఫ్యాను ఆ గదిలో ఎప్పటినుంచో ఉంది. పరీక్ష నాడు కూడా ఉంది.

ఏఈ గారు వెంటనే డీఈ గారికి ఫోను చేశారు. ఇవతల మాటలే నాకు వినబడ్డాయి. "అవును సార్, మగమనిషి సార్... తనే తిప్పుతున్నాడు సార్... చూస్తుంటే నాకే కళ్ళలో నీళ్ళొచ్చాయి సార్... లేదు సార్, హరితం సంగతి తర్వాత చూసుకుందాం సార్." సాయంత్రానికి ఉత్తర్వు టైపై సంతకంతో వచ్చింది. ఇంత వేగంగా కదిలిన ఫైలును నా సర్వీసంతటిలో నేను చూడలేదు. అందులో ఇలా ఉంది. 'ప్రస్తుత కేంద్రము ఒక్క పూటలోనే అలసిపోవుట ప్రత్యక్షముగా గమనించడమైనది. మానవీయ దృక్పథముతో, అత్యవసర ప్రాతిపదికన అరగుర్రము మోటారుకు అనుమతి మంజూరు చేయడమైనది.'

ఏసుపాదం తీగలు కత్తిరించే శ్రావణంతో సీసపు ముద్ర తెంపాడు. పోతూ పోతూ తలుపుకున్న పుర్రె బోర్డు ఊడదీయబోతే గోవిందమ్మ వద్దంది.

"ఉండనియ్యి బాబూ. ఇకమీదట ఎవురైనా లోపలికొచ్చి ఎవుర్నైనా తిప్పమనేముందు చూసుకుంటారు."

పిడి తీసి పళ్ళచక్రం మళ్ళీ బిగించాక మోటారు తిరిగింది. చైను కాస్త కీచుమంది, భావనాచారి నూనె వేశాడు. గోవిందమ్మ పీట మీదే కూర్చుంది, లేవలేదు. బద్దీ ఇక తానే పెడతానంది. అతను తల ఊపి కుంపటి దగ్గరికి వెళ్ళాడు.

ఏఈ గారు పట్టుకెళ్ళాల్సిన ముగింపు పత్రం ఒకటి మిగిలింది. అది నా పని. పాత కేంద్రం, కొత్త కేంద్రం, తేదీలు, కారణాలు అన్నీ వరసగా నింపుకుంటూ వచ్చాను. కొత్త కేంద్రం భావనాచారి. దాని కింద చివరి గడి: 'సదరు కేంద్రము ఆవరణలోనే ఉండియు ఇంతకాలము వినియోగములో లేకపోవుటకు కారణము.'

కలం ఆగింది. ఇలాంటి గడులకు నా దగ్గర మాటలు కొల్లలు. 'పరిపాలనా కారణాల వల్ల' అని రాయవచ్చు. 'వాడుక ప్రకారం' అని రాయవచ్చు. 'విచారణలో ఉన్నది' అన్నది ఎప్పుడూ ఉండనే ఉంది. ఒక్కటీ ఆ గడిలో ఇమడలేదు. ఏఈ గారు నా భుజం మీంచి తొంగిచూసి గడి చదివి, గడియారం చూసుకున్నారు. భావనాచారి కుంపటి ఊదుతున్నవాడు ఊదడం ఆపాడు.

"ఏమైంది అన్నయ్యగారూ?" అంది గోవిందమ్మ.

చదివి వినిపించాను.

ఆవిడ బద్దీ మీంచి చూపు తిప్పలేదు. "ఎవురూ అడగలేదని రాయండి," అంది.

రాశాను. గడిలో సరిగ్గా సరిపోయింది.